టామ్రియెల్ లోకం మీద నిలబడే థియరీ రాయడం ఎలా

టామ్రియెల్ అనే కల్పిత లోకంలో సాగే ఎల్డర్ స్క్రోల్స్ వీడియో ఆటలను ప్రేమించేవారిలో చాలామందికి ఏదో ఒక రోజు ఒక థియరీ తడుతుంది. ఒక్కసారిగా మాయమైన డ్వెమర్ జాతి ఎటు పోయిందో తెలిసిపోయిందనో, పిల్లి రూపంలో ఉండే ఖజీత్‌లు చంద్రుల గురించి చెప్పేదాని వెనుక వేరే కథ ఉందనో అనిపిస్తుంది. ఆ ఉత్సాహం విలువైనది. 1994లో అరీనాతో మొదలై, 2002లో మోరోవిండ్, 2011లో స్కైరిమ్ మీదుగా పెరుగుతూ వచ్చిన ఈ లోకాన్ని బెథెస్డా సంస్థ రచయితలు కావాలనే ఖాళీలు వదిలి అల్లారని, ఆ ఖాళీల దగ్గర ఆగి ఆలోచించే ఆటగాడి కోసమే అవి ఉన్నాయని నా నమ్మకం. అయితే తట్టిన ఊహ వేరు, పదిమంది ముందు పెట్టి నిలబెట్టగలిగే థియరీ వేరు. మొదటిదాన్ని రెండోదిగా మలచడానికి నేను పాటించే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను. మోరోవిండ్, స్కైరిమ్ కథలు ఇందులో దాపరికం లేకుండా వస్తాయి కనుక, అవి ఇంకా ఆడనివారు ఆ సంగతి గుర్తుంచుకొని చదవాలి.

ముందు చెప్పింది ఎవరో చూడాలి

ఈ లోకంలో ఆకాశవాణి లేదు. ఏం జరిగిందో ఏ పక్షమూ వహించకుండా చెప్పే గొంతు ఆటలో ఎక్కడా వినిపించదు. మనకు దొరికేవి గుడిలో పూజారి చెప్పిన మాట, అలమరలో కనిపించిన చరిత్ర పుస్తకం, సంచార తెగవారు తరతరాలుగా దాచుకున్న కథ, గుహలో శవం పక్కన పడి ఉన్న డైరీ. ప్రతి మాటకూ ఒక నోరు ఉంటుంది, ఆ నోటికి ఒక అవసరం ఉంటుంది. థియరీ రాయాలనుకునేవారు మొదట నేర్చుకోవలసింది ఆ అవసరాన్ని పట్టుకోవడమే.

సృష్టి కథనే తీసుకోండి. లోర్ఖాన్ అనే దేవుడు మిగిలిన దేవతలను ఒప్పించో మోసగించో ఈ మర్త్యలోకాన్ని చేయించాడు. ఆల్ట్మర్లు అనే ఎల్ఫ్ జాతివారు చెప్పే కథలో అతడు ద్రోహి. అమరులుగా ఉండవలసిన తమ పూర్వీకులను చావు ఉన్న లోకంలో బంధించినవాడు. అదే దేవుణ్ని నార్డ్‌లు అనే మనుష్య జాతివారు షోర్ అని పిలిచి, తమవాడిగా, వీరస్వర్గానికి అధిపతిగా తలుచుకుంటారు. కాబట్టి లోర్ఖాన్ మంచివాడా చెడ్డవాడా అని అడిగే థియరీ మొదటి వాక్యంలోనే దారి తప్పుతుంది. చావును శిక్షగా చూసే జాతీ, వీరత్వానికి అవకాశంగా చూసే జాతీ ఒకే సంఘటనను ఎలా గుర్తుపెట్టుకున్నాయని అడిగితే మాత్రం చదవడానికి, వెతకడానికి బోలెడంత దొరుకుతుంది.

ఈ పాఠం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. స్కైరిమ్‌లో సార్థాల్ శిథిలాల అడుగున బయటపడే పెద్ద గోళాన్ని మాగ్నస్ కన్ను అంటారు. అది మంత్రవిద్యకు మూలపురుషుడైన మాగ్నస్ దేవుడి అసలు కన్నేనని, సృష్టి సగంలో ఆయన ఈ లోకాన్ని వదిలి పారిపోయినప్పుడు వెనుక ఉండిపోయిందని నేను చాలా పేజీలు రాశాను. అది చదివిన ఒక మిత్రుడు ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: ఆ గోళానికి ఆ పేరు పెట్టిందెవరు? నా దగ్గర జవాబు లేదు. అందరూ ఆ పేరుతో పిలుస్తున్నారన్నదే నా దగ్గరున్న ఏకైక సాక్ష్యం. పేరు వేరు, సాక్ష్యం వేరు అని ఆ రోజు అర్థమైంది.

రెడ్ మౌంటెన్ సాక్షులు

పద్ధతి మొత్తాన్ని ఒక్క సంఘటన మీద ప్రయోగించి చూపిస్తే స్పష్టంగా ఉంటుంది. మొదటి యుగం 700వ సంవత్సరంలో, వార్డెన్‌ఫెల్ ద్వీపం నడుమ ఉన్న అగ్నిపర్వతం రెడ్ మౌంటెన్ దగ్గర, డ్వెమర్లకూ కైమర్లు అనే మరో ఎల్ఫ్ జాతికీ యుద్ధం జరిగింది. డ్వెమర్లను మరుగుజ్జులని పిలిచినా వారు నిజానికి ఎల్ఫ్ జాతివారే; యంత్రాలు, ఆవిరి, లోహం, శబ్దం వారి విద్యలు. వారి ప్రధాన శిల్పి కాగ్రెనాక్ కొండ అడుగున దొరికిన లోర్ఖాన్ హృదయం మీద పనిచేయడానికి కీనింగ్ అనే కత్తిని, సండర్ అనే సుత్తిని, వాటిని పట్టుకోవడానికి రెయిత్‌గార్డ్ అనే చేతి తొడుగును తయారుచేశాడు. యుద్ధం ముగిసేసరికి డ్వెమర్ జాతి అంతా మాయమైపోయింది. ఇంతవరకు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. గొడవంతా ఇక్కడి నుంచే.

మోరోవిండ్‌లో దేవుడిగా పూజలందుకునే వివెక్ చెప్పే కథనం ప్రకారం, కాగ్రెనాక్ తన పనిముట్లను హృదయం మీద ప్రయోగించగానే డ్వెమర్లు ఎక్కడున్నవారు అక్కడే ఒక్క క్షణంలో అదృశ్యమయ్యారు. తర్వాత కైమర్ల సేనాని నెరెవార్ గాయాలతో చనిపోయాడు. ఏళ్లు గడిచాక నెరెవార్ సలహాదారులైన వివెక్, ఆల్మలెక్సియా, సోథా సిల్ ముగ్గురూ అవే పనిముట్లతో దేవతలయ్యారు. ఆ కథనాన్ని నిదానంగా చదవండి. కాగ్రెనాక్ చేసినది వివెక్ చూడలేదు. తాను చూసినట్టు నెరెవార్ చెప్పాడని అంటున్నాడు. అంటే చనిపోయిన మనిషి మాటను, ఆ మనిషి చావు వల్ల లాభపడినవాడి నోట మనం వింటున్నాం.

ఆ ముగ్గురినీ కొలిచే గుడి అధికారులు దాచిపెట్టిన, సంచారులైన ఆష్‌ల్యాండర్ తెగలు కాపాడుకున్న కథనం ఇందుకు పూర్తిగా ఎదురు నడుస్తుంది. అందులో నెరెవార్ దేవత అజూరా సాయంతో హృదయ శక్తిని డ్వెమర్ల నుంచి వేరుచేస్తాడు. దొంగిలించిన అమరత్వం పోవడంతో డ్వెమర్లు రణభూమిలో ధూళిగా రాలిపోతారు. ఆ పైన ఆ ముగ్గురూ కలిసి నెరెవార్‌ను హత్య చేస్తారు. ఒక కథలో జాతి జాడ లేకుండా అదృశ్యమైంది, మరొక కథలో ధూళి మిగిలింది. ఒక కథలో దోషి కాగ్రెనాక్, మరొక కథలో ఆ పని చేసింది నెరెవారే. ఈ తేడాలను పక్కన పెట్టి ఏదో ఒక కథను సత్యమని ఎంచుకొని థియరీ కట్టడం చాలామంది చేసే పొరపాటు. తేడాలే మీ ముడిసరుకు.

ఇక్కడ నేను చేసే పని చాలా మామూలుది. నోటుపుస్తకంలో నాలుగు గడులు గీస్తాను. మొదటి గడిలో కథనం, రెండో గడిలో చెప్పినవాడు, మూడో గడిలో అతడు స్వయంగా చూశాడా, విన్నాడా, చదివాడా అన్నది, నాలుగో గడిలో ఆ కథ నిజమైతే అతడికి కలిగే మేలు రాస్తాను. నాలుగో గడి నిండుగా ఉన్న కథనాన్ని కొట్టేయను గానీ, దాని మీద ఒంటరిగా బరువు మోపను. తన మేలుకు విరుద్ధంగా చెప్పిన మాట దొరికితే దానికి ఎక్కువ విలువ ఇస్తాను.

అలాంటి మాట ఒకటి ఈ కథలో నిజంగానే దొరుకుతుంది. వివెక్ తనను తాను కీర్తించుకుంటూ రాసిన 36 పాఠాలు మోరోవిండ్ అంతటా చెల్లాచెదురుగా ఉంటాయి. వాటిలో 29వ పాఠం అంకెల గురించి మాట్లాడుతుంది. ఆ అంకెలను వరుసగా ఒక్కొక్క పాఠానికి వర్తింపజేసి, అంకె చూపిన మాటను ఏరితే, తాను దేవుడిగా పుట్టలేదని, దైవత్వాన్ని దొంగిలించానని, నెరెవార్‌ను హత్య చేశానని వివెక్ ఒప్పుకున్న వాక్యాలు బయటపడతాయి. ఇది ఆటగాళ్లు కూర్చొని లెక్కపెట్టి సాధించిన విషయం. అభిమానుల థియరీలు చరిత్రలో ఎక్కడైనా సార్థకమయ్యాయంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే. ఇందులో ఊహ కన్నా ఓపిక ఎక్కువగా పనిచేసింది. అయినా ఈ ఒప్పుకోలు నెరెవార్ హత్యకు సాక్ష్యం అవుతుంది తప్ప, డ్వెమర్లకు ఏమైందో చెప్పదు. సాక్ష్యం ఎంతవరకు పనిచేస్తుందో అంతవరకే వాడుకోవాలి.

థియరీకి అడ్డుపడే విషయాలను ముందే పిలవాలి

డ్వెమర్ల గురించి మూడు రకాల థియరీలు ఎక్కువగా వినిపిస్తాయి: వారంతా నుమిడియమ్ అనే ఇత్తడి మహాకాయుడి శరీరంలో కలిసిపోయారని, తమ ఉనికినే కాదనుకొని శూన్యమయ్యారని, కాలం వెలుపలికి జరిగిపోయారని. ఏది ఎంచుకున్నా, మీకు నచ్చే ఆధారాల కన్నా ముందు మీకు నచ్చనివాటిని రాసుకోండి.

యాగ్రమ్ బాగార్న్ ఉన్నాడు. టెల్ ఫిర్ గోపురం అడుగున, మాయరోగంతో ఉబ్బిపోయి, యంత్రపు కాళ్ల మీద కదిలే ఆ ముసలి శిల్పి తెలిసినంతలో చివరి డ్వెమర్. ఆ సమయంలో తాను వేరే లోకంలో ఉన్నానని, తిరిగొచ్చేసరికి తనవాళ్లు ఎవరూ లేరని చెబుతాడు. అంటే ఆ సంఘటన పరిధి ఈ లోకం గోడల దగ్గర ఆగింది. జాతి రక్తం ఒక్కటే కారణమైతే అతడూ పోవాలి. మరోవైపు రౌర్కెన్ వంశం ఉంది. కైమర్లతో పొత్తు ఇష్టంలేక ఆ వంశం అప్పటికే ఎంతో దూరం పడమరగా, హామర్‌ఫెల్ అనే ప్రాంతానికి వెళ్లి స్థిరపడింది; అయినా ఆ వంశమూ మాయమైంది. కాబట్టి హృదయానికి దగ్గరగా ఉన్నవారే పోయారన్న వాదన నిలవదు. ఇక మోరోవిండ్ శిథిలాల్లో డ్వెమర్ ప్రేతాత్మలు తిరుగుతూ మనమీద దాడి చేస్తాయి. అప్పటికే చనిపోయినవారిని ఆ సంఘటన ముట్టలేదేమో. ఈ మూడింటికీ ఒకేసారి జవాబు చెప్పగలిగినప్పుడే మీ థియరీ పక్కవాడి థియరీ కన్నా ఒక మెట్టు ఎక్కుతుంది.

స్కైరిమ్‌లో ఇంకొక సాక్షి దొరుకుతాడు. వింటర్‌హోల్డ్ మంత్రవిద్యా కళాశాలలో ఆర్నీల్ గేన్ అనే పరిశోధకుడు మీ చేత పది డ్వెమర్ పళ్ల చక్రాలు తెప్పించుకుంటాడు, ఒక ఆత్మరత్నాన్ని డ్వెమర్ కొలుముల్లో కాల్పించి వికృతం చేయిస్తాడు, చివరకు కీనింగ్ కత్తిని సంపాదిస్తాడు. ఆ గదిలో నిలబడి చూడండి. రత్నం మీద కత్తితో ఒక్కొక్క దెబ్బ వేస్తూ ఉండగానే మనిషి మాయమవుతాడు, కత్తి మాత్రం మిగులుతుంది. ఆ తర్వాత అతడి నీడను పిలిపించుకునే మంత్రం మీకు అబ్బుతుంది. ఇది చూసి డ్వెమర్లూ ఇలాగే ఎక్కడో నీడలుగా ఉన్నారని తేల్చేయాలనిపిస్తుంది. తొందరపడకండి. అతడి దగ్గర సండర్ లేదు, రెయిత్‌గార్డ్ లేదు, దేవుడి హృదయం అసలే లేదు. ఒక మనిషి ఒక నకలు ప్రయోగంలో పోయాడన్నంతవరకే ఇది రుజువు.

నాకు మరీ ఇష్టమైన వివరం ఆ కత్తే. మోరోవిండ్‌లో తొడుగు లేకుండా కీనింగ్‌ను ధరిస్తే ప్రాణం పోతుంది. స్కైరిమ్‌లో దాన్ని ఉత్త చేత్తో పట్టుకొని తిరగవచ్చు. ఆట తయారీదారులు సౌలభ్యం కోసం మార్చారని సరిపెట్టుకోవచ్చు. కానీ మోరోవిండ్ ముగింపులో లోర్ఖాన్ హృదయానికి ఉన్న కట్లు తెగిపోయాయి కనుక, ఆ హృదయంతో ముడిపడిన కత్తి కూడా చల్లబడిందని చెప్పే థియరీ ఉంది. అది చిన్నది, ఒకే వాక్యంలో చెప్పవచ్చు, రెండు ఆటలను కలుపుతుంది, రేపు సండర్ మరో ఆటలో కనిపిస్తే నిజమో కాదో తేలిపోతుంది. థియరీ అంటే ఇలా ఉండాలి.

మంత్రవిద్య: ఆట నియమం, లోక ధర్మం

మంత్రవిద్య మీద రాసేవారికి ఎదురయ్యే చిక్కు వేరు. ఆటలో మనకు కనిపించే మంత్రాల్లో కొన్ని లోకానికి చెందినవి, కొన్ని కేవలం ఆట నడవడానికి పెట్టినవి. మోరోవిండ్‌లో ఆరు మంత్ర శాఖలు ఉండేవి. స్కైరిమ్‌కు వచ్చేసరికి మిస్టిసిజం శాఖ పోయి అయిదు మిగిలాయి. దీనికి లోకంలో ఏదో మహా విపత్తు కారణమని థియరీ కట్టే ముందు, మంత్రాలను వేరే శాఖల్లోకి సర్దేశారన్న సాదా వివరణను దాటగలరేమో చూసుకోవాలి. గాలిలో తేలే మంత్రం కూడా ఇలాంటిదే. 2006లో వచ్చిన ఆబ్లివియన్‌లో నగరాలను విడివిడి ప్రదేశాలుగా నిర్మించారు కనుక, గోడ మీదుగా ఎగిరితే ఆ నగరమే అక్కడ ఉండదు. ఆ మంత్రాన్ని తీసేసి, దాన్ని నిషేధించిన చట్టం ఉందని పాత్రల చేత అనిపించారు.

అలాగని ఆ మంత్రాన్ని కొట్టిపారేయకండి. టెల్వానీ వంశపు మంత్రవేత్తలు పుట్టగొడుగుల్లాంటి గోపురాల్లో ఉంటారు, వాటిలో పైఅంతస్తుకు మెట్లు ఉండవు. తేలగలిగినవాడే యజమానిని కలవగలడు. తేలలేనివాడు కిందే ఉండిపోతాడు. ఒక మంత్రం ఒక సమాజపు ఎత్తుపల్లాలను ఎలా తీర్చిందో అక్కడ గోడల్లోనే కనిపిస్తుంది. శవాలతో పనిచేసే విద్య మరింత మంచి ఉదాహరణ. కైమర్ల వారసులైన డన్మర్లు తమ పూర్వీకుల ప్రేతాలను పిలవడాన్ని పూజగా భావిస్తారు, ఆ పూర్వీకుల శక్తితోనే రెడ్ మౌంటెన్ చుట్టూ ప్రేతకంచెను నిలబెట్టారు. అదే పని పరాయివాడు డన్మర్ శవం మీద చేస్తే వారికి అంతకు మించిన పాపం లేదు. ఆబ్లివియన్‌లో మంత్రవేత్తల సంఘం ఆ విద్యను నిషేధిస్తుంది, స్కైరిమ్ కళాశాలలో దాన్ని ఎవరూ అడ్డుకోరు. మంత్రం ఎలా పనిచేస్తుందన్న ప్రశ్న కన్నా, ఎవరు చేస్తే ఏమని పేరు పెడతారన్న ప్రశ్న మంచి థియరీలను పుట్టిస్తుంది.

మన సంప్రదాయపు అద్దం

తెలుగువారిగా మనకు ఇక్కడ ఒక సౌకర్యమూ ఉంది, దాని వెంటే ఒక ప్రమాదమూ ఉంది. స్కైరిమ్‌లో కొండకొమ్మున కూర్చున్న ముసలి డ్రాగన్ పార్థర్‌నాక్స్, ఈ లోకం రాబోయే కల్పానికి గుడ్డేమో అంటుంది. కల్పం అన్న మాట మనం ఉచ్చరించే మాటే. ఇంట్లో ఏ పూజ చేసినా సంకల్పంలో శ్వేతవరాహకల్పే అని విన్నవాళ్లం కనుక, ఆ వాక్యం దగ్గర నా ఒళ్లు పులకరించింది. వెంటనే మన కల్పం బ్రహ్మకు ఒక పగలు, 432 కోట్ల సంవత్సరాలు అన్న లెక్కలన్నీ తీసుకెళ్లి ఆ లోకానికి అతికించాలనిపిస్తుంది. అది చేయకూడదు. ఆటలో కల్పానికి అంత లెక్క లేదు. అక్కడ లోకాన్ని మింగేది ఆల్డుయిన్ అనే డ్రాగన్, మన ప్రళయానికి అలా మింగే ప్రాణి అవసరం లేదు. మాటను అరువు తెచ్చుకున్నంత మాత్రాన దాని అర్థమంతా వెంట రాదు.

వివెక్ విషయంలో ఈ పొరపాటు మరింత సులభం. శరీరం నిలువునా సగం బంగారు రంగు, సగం బూడిద రంగు. చూడగానే అర్ధనారీశ్వరుడు గుర్తొస్తాడు. కానీ ఆటలో ఆ రెండు సగాలకు అర్థం వేరే ఉంది: ఒకటి శాపానికి ముందున్న కైమర్ల రంగు, రెండోది అజూరా శాపం తర్వాతి డన్మర్ల రంగు. వివెక్‌లో స్త్రీ పురుష స్వభావాలు రెండూ ఉన్నాయని చెప్పే మాటలు అతడి పాఠాల్లో విడిగా దొరుకుతాయి, వాటిని వాడుకోండి. చర్మపు రంగును మాత్రం ఆ వాదానికి సాక్షిగా నిలబెట్టకండి. మన సంప్రదాయం ప్రశ్నను అందించవచ్చు, జవాబు మాత్రం ఆటలోంచే రావాలి. నార్డ్‌లను వైకింగులతోను, ఇంపీరియల్స్ అనే మరో మనుష్య జాతిని రోమన్లతోను జతకట్టే థియరీలకూ ఇదే వర్తిస్తుంది.

రాసేటప్పుడు

వికీలోని సారాంశాన్ని ఆధారంగా చూపకండి. యూఈఎస్పీ, ఇంపీరియల్ లైబ్రరీ వంటి అభిమానుల వెబ్‌సైట్లలో ఆటలోని పుస్తకాల పూర్తి పాఠాలు ఉన్నాయి. అసలు వాక్యం చదివి, అది ఏ ఆటలో, ఎవరి పేరుతో ఉందో రాయండి. ఆటల్లో ఉన్నది మొదటి వరుస, ఆటతోపాటు వచ్చిన చిన్న పుస్తకాలు రెండో వరుస, తయారీదారుల ముఖాముఖిలు ఆ తర్వాత, సంస్థను వదిలిన రచయితలు అనంతరం రాసినవి ఇంకా తర్వాత. చివరివాటిలో అద్భుతమైన ఆలోచనలు ఉన్నాయి, ఈ లోకమంతా ఎవరో కంటున్న కల అన్న వాదానికి ఎక్కువ బలం అక్కడి నుంచే వస్తుంది. అవి వాడినప్పుడు వాడామని చెప్పాలి, అంతే.

పొంతన లేని చోట రచయితలు మరిచిపోయారని తేల్చేయడం కూడా తొందరపాటే. 1998లో రెడ్‌గార్డ్ ఆటతో వచ్చిన పుస్తకంలో సామ్రాజ్యపు నడిబొడ్డైన సిరోడియిల్ ప్రాంతం దట్టమైన వర్షారణ్యం. 2006లో ఆబ్లివియన్ ఆడినవారికి కనిపించింది చల్లని పచ్చిక, ఓక్ చెట్లు. చక్రవర్తిగా ఉండి దేవుడైన టాలోసే నేలను మార్చాడని కొందరు అంటారు. స్కైరిమ్‌లోని వైట్‌రన్ నగర వీధిలో అరిచే పూజారి ప్రసంగంలో, తన శ్వాసతో ఈ నేలను మలుస్తానని టాలోస్ అన్నట్టు నిజంగానే ఉంది. అయితే ఆ మాటల్లో అడవి ప్రస్తావన లేదు, అది ఆబ్లివియన్‌లో దొరికే మాంకర్ కామోరన్ వ్యాఖ్యానాల్లో కనిపిస్తుంది. తర్వాత ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ ఆటలో ఒక పండితుడు అది రాతకోతల్లో దొర్లిన తప్పన్నాడు, అతడి వాదాన్ని ఇంకొక పండితురాలు నిలదీసింది. అభిమానుల మధ్య పుట్టిన తగవు ఆ లోకంలోని పండితుల తగవుగా మారింది. అలాంటి చోట మీ థియరీ ఒక పక్షం వహిస్తే, రెండో పక్షం చెప్పే అత్యంత బలమైన మాటను మీ వ్యాసంలో మీరే రాయండి.

ప్రచురించే ముందు మొత్తం వాదాన్ని ఒక వాక్యంలోకి కుదించి పైన పెట్టండి. దాని కింద, ఏది బయటపడితే ఈ థియరీని వదులుకుంటారో మరో వాక్యంలో రాయండి. డ్వెమర్ల మీద నేను రాసుకున్న వ్యాసంలో ఆ రెండో వాక్యం ఇలా ఉంది: ఆ రోజు వేరే లోకంలో ఉండి కూడా మాయమైన డ్వెమర్ ఒక్కరి జాడ దొరికినా, ఈ వ్యాసం తప్పు.